భయానికి మెట్లు కట్టిన వైద్యం, దానికి పెట్టిన పరీక్ష



మేము ఇంతవరకు రాసినవన్నీ వలసల కథలు, గుళ్ల కథలు, పాత దస్తావేజుల కథలు. ఈసారి ఒక వైద్యం చరిత్ర రాస్తున్నాము. మందూ మాత్రా లేని వైద్యం, కుర్చీలో కూర్చోబెట్టి మాటలతో భయం పోగొట్టే వైద్యం. అది ఎట్లా పుట్టింది, నిజంగా పని చేస్తుందా లేదా అని దాన్ని ఎట్లా పరీక్షించినారు, అదే కథ. దీనికీ మన సంఘానికీ ఏమి సంబంధం అని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. సంబంధం ఉంది, అది చిన్నదేమీ కాదు.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని యాంగ్జైటీ అంటారు. పుస్తకాల తెలుగులో ఆందోళన అంటారు. మా పక్క ఇళ్లలో ‘పడపడప్పు’ అనే తమిళ మాటే వాడుక. ముసలివాళ్లయితే బెదురు అంటారు, దడ అంటారు. ఎదుట పులి లేదు, దొంగ లేడు. అయినా లిఫ్టు తలుపు మూసుకుంటే ఒకరికి ఊపిరి ఆడదు. ఇంకొకరికి పరీక్ష హాలు చూస్తే చేతులు చెమటలు పడతాయి. మరొకరికి మైకు ముందు నిలబడితే నాలుక ఎండిపోతుంది. వీళ్లందరికీ మనం ఇచ్చే మందు ఒకటే: ‘ధైర్యంగా ఉండు, ఇందులో భయపడేదానికి ఏముంది?’ ఏమీ లేదని వాళ్లకూ తెలుసు. అది తాడే, పాము కాదు అని తెలిసి కూడా కాలు ముందుకు పడదు. తెలివికి తెలిసింది ఒంటికి తెలియడం లేదు, చిక్కు అక్కడే ఉంది.

ఈ రకం భయాన్ని మాటలతోనే నయం చేయవచ్చని గట్టిగా చెప్పి, దానికొక పెద్ద సంప్రదాయాన్నే కట్టినవాడు వియన్నా డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్. మన రైల్వేవాళ్లకు ఒక ముచ్చట: ఆయనకే రైలు ప్రయాణమంటే బెదురు ఉండేది, ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఆ సంగతి ఉంది. 1909లో ఆయన ఒక చిన్న పిల్లవాడి కథ అచ్చు వేసినాడు. ఆ పిల్లవాడికి గుర్రాలంటే భయం, ఆ భయంతో వీధిలోకి రాడు. గుర్రం పైకి కనిపించేది మాత్రమే, లోపల తండ్రి మీద ఉన్న భయమే గుర్రం వేషం వేసుకుని వచ్చిందని ఫ్రాయిడ్ చెప్పినాడు. ఆ దారిలో నడిచిన డాక్టర్లు భయం వేరు వెతకడానికి రోగితో నెలల తరబడి, ఏళ్ల తరబడి మాట్లాడేవారు. వేరు దొరికితే చెట్టు తానే ఎండిపోతుందని వాళ్ల నమ్మకం.

ఇంకొక దారి అమెరికాలో ఒక చిన్న గదిలో మొదలైంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పీటర్ అనే పిల్లవాడి గురించి ఒక వ్యాసం ప్రచురించినారు. మొదలుపెట్టినప్పుడు వాడికి 3 ఏళ్లు కూడా నిండలేదు. కుందేలు, తెల్ల ఎలుక, బొచ్చు కోటు, దూది, ఏది చూసినా వాడికి ఏడుపే. జోన్స్ వాడి భయం వేరు వెతకలేదు. వాడిని కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టినారు. వాడు తింటూ ఉండగా బోనులో ఉన్న కుందేలును దూరంగా పెట్టినారు. వాడు ఏడవనంత దూరంలో మాత్రమే. మరుసటి సారి కొంచెం దగ్గరగా, ఆ తర్వాత ఇంకొంచెం దగ్గరగా. భయం లేని వేరే పిల్లలను కూడా పక్కన ఆడించినారు. నడుమ వాడికి జ్వరం వచ్చి 2 నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, తిరిగి వచ్చేటప్పుడు ఒక పెద్ద కుక్క మీదికి వచ్చింది, పోయిన భయం మళ్లీ వచ్చింది. జోన్స్ మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టినారు. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతూ ఉంటే పీటర్ ఊరికే చూస్తూ ఉన్నాడు. ఇంత మంచి పనిని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 20 ఏళ్లకు పైగా అది పత్రికల బీరువాలో పడి ఉంది.

దాన్ని మళ్లీ పైకి తెచ్చినవాడు జోసెఫ్ వోల్పే. 1915లో దక్షిణాఫ్రికాలో, జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టినాడు. ఆ దేశం మనకు కొత్త కాదు. 1860 తర్వాత మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో మన తెలుగువాళ్లు ఎంతోమంది. వాళ్ల మనుమలు కట్టుకున్న ఆంధ్ర మహాసభ 1931 నుంచి అక్కడ ఉంది. వోల్పే వాళ్ల సంగతి ఏమీ రాయలేదు గాని, మనం ఊరికే పేరు విని దాటిపోయే దేశం కాదని చెప్పడానికి రాసినాము.

రెండో ప్రపంచ యుద్ధంలో వోల్పే సైన్యంలో డాక్టరు. యుద్ధం చూసి మనసు చెదిరిన సిపాయిలు ఆయన దగ్గరికి వచ్చేవారు. అప్పుడు ఆయన ఫ్రాయిడ్ పక్షమే. మత్తు సూది వేసి, లోపల దాచుకున్నదంతా చెప్పించి, మనసు తేలిక చేయడం అప్పటి పద్ధతి. సిపాయిలు చెప్పేవారు, ఏడ్చేవారు, కాని బెదురు పోయేది కాదు. వేరు పైకి తీసినా చెట్టు అట్లానే నిలిచి ఉంది. వోల్పేకు అనుమానం మొదలైంది అక్కడే.

యుద్ధం అయిపోయినాక ఆయన జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీలో పిల్లుల మీద ప్రయోగాలు చేసినాడు. బోనులో శబ్దం వినిపించి కరెంటు షాకు ఇచ్చేవాడు. చదవడానికే మనకు కష్టంగా ఉంటుంది. ఆ పిల్లులు తర్వాత షాకు లేకపోయినా ఆ బోనులో, ఎంత ఆకలి వేసినా, తిండి ముట్టేవి కావు. ఆ గదిలోకి తెచ్చినా బెదిరేవి. అప్పుడు ఆయన ఆ గదికి ఏ మాత్రం పోలిక లేని వేరే గదిలో తిండి పెట్టినాడు, తిన్నాయి. కొంచెం పోలిక ఉన్న గదిలో పెట్టినాడు, తటపటాయించి తిన్నాయి. ఇట్లా గది గది మార్చుకుంటూ చివరికి అదే గదిలో, అదే బోనులో తిండి తినేటట్లు చేసినాడు. పీటర్‌కు జోన్స్ చేసింది కూడా ఇదే కద! జోన్స్ పనిని వోల్పే గుర్తించి గౌరవించినాడు.

దీనికి ఆయన చెప్పిన కారణం రైల్వేవాళ్లకు చప్పున అర్థమవుతుంది. సింగిల్ లైను సెక్షన్‌లో ఒక బండి డ్రైవరు చేతిలో టోకెన్ ఉంటే, అదే సెక్షన్‌లోకి ఎదురుగా ఇంకొక బండిని వదలరు. ఒంట్లో భయానికీ నెమ్మదికీ కూడా ఒకటే లైను. నెమ్మది టోకెన్ పట్టుకుని ముందే లైనులో ఉంటే భయం లోపలికి రాలేదు. అయితే భయం బండి చిన్నదిగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. పెద్ద భయం సిగ్నలు లక్ష్యపెట్టదు. అందుకే చిన్న భయంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పోవాలి.

పిల్లికి తిండి పెట్టినట్లు మనిషికి పెడుతూ కూర్చోలేము. మనిషికి నెమ్మది తెచ్చే సాధనం ఏది? షికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు ఒంట్లో ఒక్కొక్క కండరాన్ని బిగించి వదిలి సడలించే అభ్యాసం కనిపెట్టి పుస్తకం రాసి ఉన్నాడు. అది నేర్చుకోవడానికి చాలా కాలం పట్టేది. వోల్పే దాన్ని కుదించి కొన్ని వారాల్లో నేర్పేటట్లు చేసినాడు. మన శవాసనం తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

ఆ తర్వాత మాటల పని. రోగీ డాక్టరూ ఎదురెదురుగా కూర్చుని భయాల పట్టిక రాస్తారు. ఏ సందర్భంలో ఎంత భయం? 0 అంటే పూర్తి నెమ్మది, 100 అంటే ఇంతకు మించి లేదనేంత దడ. ఒక్కొక్క సందర్భానికి రోగే మార్కు వేస్తాడు. తక్కువ మార్కు కింద, ఎక్కువ మార్కు పైన పెడితే నిచ్చెన తయారు. పిమ్మట రోగి ఒళ్లు సడలించి కళ్లు మూసుకుంటాడు. డాక్టరు అన్నిటికన్నా కింది మెట్టు సందర్భాన్ని చెప్పి, దాన్ని మనసులో చూడమంటాడు. ఏ కొంచెం దడ వచ్చినా వేలు ఎత్తి చూపించాలి. వేలు లేస్తే ఆ చిత్రాన్ని ఆపేసి మళ్లీ నెమ్మది. వేలు లేవకుండా చూడగలిగితేనే పై మెట్టు. తొందర లేదు, తిట్టు లేదు, ‘ఇంతేనా నీ ధైర్యం’ అనే మాట అసలే లేదు.

వోల్పే రాసిన ఒక ఉదాహరణ మాకు బాగా నచ్చింది. 24 ఏళ్ల అమ్మాయి, చిత్రకళ చదివే విద్యార్థిని, పరీక్షలంటే విపరీతమైన బెదురు. ఆమె నిచ్చెనలో అన్నిటికన్నా కింద ఉన్నది పరీక్షకు ఒక నెల ముందు రోజు. ఆ పైన 2 వారాల ముందు, వారం ముందు, ముందు రాత్రి. మనమైతే అన్నిటికన్నా పైన ఏమి పెడతాము? ప్రశ్నపత్రం చేతికి వచ్చిన క్షణం అంటాము. ఆమె పెట్టింది అది కాదు. పరీక్ష రోజు యూనివర్సిటీకి నడిచిపోయే దారి! జవాబులు రాస్తూ ఉండటం కూడా దాని తర్వాతే. ఒకరి భయానికి మెట్ల వరుస ఇంకొకరు కూర్చుని ఊహించలేరు, అడిగి తెలుసుకోవాలి. ఈ వైద్యంలో ‘మాట’ అనేది ముఖ్యంగా ఈ అడగడమే. ఆ అమ్మాయి తర్వాత బెదురు లేకుండా పరీక్ష రాసి పాసైంది.

1958లో వోల్పే తన పద్ధతులన్నీ ఒక పుస్తకంగా అచ్చు వేసినాడు. 210 మంది రోగుల్లో దగ్గర దగ్గర 90 శాతం మందికి పూర్తిగా నయమైంది, లేకపోతే బాగా తగ్గింది అని లెక్క చూపించినాడు. ఈ మెట్ల పద్ధతికి సిస్టమాటిక్ డీసెన్సిటైజేషన్ అని పేరు వచ్చింది. మనం మెట్ల వైద్యం అనుకుందాం. 1960లో ఆయన అమెరికా పోయినాడు, తర్వాత ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీలో చాలా కాలం పాఠం చెప్పినాడు.

ఇక్కడ కథ ముగించేసి ఉంటే ఇది గొప్పవాడి జీవితచరిత్ర అయ్యేది. మేము గుమాస్తాలము, మాకు అంతటితో తృప్తి ఉండదు. బుకింగ్ కౌంటర్‌లో షిఫ్టు ముగిస్తే పెట్టెలో డబ్బు ఎంత ఉందో చెబితే చాలదు. టికెట్ల మొదటి నంబరు, చివరి నంబరు చూసి, అమ్మినవి ఎన్ని, రావలసింది ఎంత అని లెక్క కట్టి, డబ్బుతో సరిచూడాలి. దాన్ని కూడా తర్వాత వేరే మనిషి తనిఖీ చేయాలి. వోల్పే లెక్కలో రోగిని చూసింది ఆయనే, నయమైందని మార్కు వేసిందీ ఆయనే. అబద్ధం చెప్పినాడని కాదు. ఎంత నిజాయితీపరుడైనా తన పెట్టె తానే తనిఖీ చేస్తే అది తనిఖీ కాదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. 1952లో లండన్‌లో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్యాసం రాసి పెద్ద గొడవ లేపినాడు. ఇట్లాంటి మానసిక బాధలు ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి, మాటల వైద్యం ఏమీ లేకపోయినా, రెండేళ్లలో తమంతట తామే తగ్గుతుందని ఆయన అన్నాడు. ఆయన అంకెల మీద తర్వాత చాలామంది అభ్యంతరం చెప్పినారు, వాదం ఏళ్ల తరబడి నడిచింది. అంకె సంగతి ఎట్లా ఉన్నా ప్రశ్న మాత్రం నిలిచిపోయింది. జలుబు మందు తాగితే 7 రోజులు, తాగకపోతే ఒక వారం అని మనం నవ్వుతాము కద, అదే ప్రశ్న. రోగికి తగ్గింది నీ వైద్యం వల్లనా, కాలం వల్లనా, లేక ఎవరో ఒకరు దగ్గర కూర్చుని ప్రేమగా మాట్లాడినందువల్లనా?

మొదటి గట్టి పరీక్ష 1963లో అచ్చయింది. అమెరికాలో పీటర్ లాంగ్, డేవిడ్ లాజోవిక్ అనే ఇద్దరు, పామంటే విపరీతంగా భయపడే 24 మంది కాలేజీ విద్యార్థులను తీసుకున్నారు. కొందరికి మెట్ల వైద్యం చేసినారు, కొందరికి చేయలేదు. భయం తగ్గిందా అని నోటితో అడిగి వదిలేయలేదు. గదిలో నిజమైన పామును, విషం లేనిదాన్ని, పెట్టి దగ్గరికి పొమ్మన్నారు. ఎంత దూరం పోగలిగినారు? ముట్టుకున్నారా? చేత్తో పట్టుకున్నారా? వైద్యం జరిగినవాళ్లు ఎక్కువ దగ్గరికి పోగలిగినారు, 6 నెలల తర్వాత చూసినా ఆ లాభం పోలేదు. వేరు తీయకుండా కొమ్మ నరికితే ఇంకొక చోట కొత్త భయం మొలుస్తుందని ఫ్రాయిడ్ పక్షంవాళ్లు చెప్పేవారు. ఇక్కడ అట్లా మొలవలేదు.

కాని మూడో ప్రశ్న మిగిలే ఉంది. ప్రేమగా మాట్లాడటం ఒక్కటే చాలునేమో? దానికి జవాబు వెతికినవాడు గోర్డన్ పాల్. ఇల్లినాయ్ యూనివర్సిటీలో పని చేసినాడు, 1966లో ఫలితం పుస్తకంగా వచ్చింది. ఆయన తీసుకున్న భయం పాము కాదు, మన కథకు అదే ముఖ్యం. నలుగురి ముందు నిలబడి మాట్లాడే భయం! ఉపన్యాస కళ క్లాసులో చేరి, లేచి నిలబడితే గొంతు పెగలని విద్యార్థులు ఆయన మనుషులు.

మొత్తం 96 మంది. వాళ్లలో 15 మందికి మెట్ల వైద్యం. 15 మందికి పాత పద్ధతి, అంటే భయానికి లోపలి కారణం ఏమిటో మాటల ద్వారా తెలుసుకునే వైద్యం. ఇంకొక 15 మందికి వైద్యంలా కనిపించే ఉత్తుత్తి వైద్యం. ఈ మూడో గుంపుతో డాక్టరు చాలా ఆదరంగా ఉంటాడు, నమ్మకంగా మాట్లాడతాడు, చప్పున నెమ్మది తెచ్చే మాత్ర అని చెప్పి ఒక గొట్టం మాత్ర ఇస్తాడు, టేపు ఒకటి వినిపించి మనసుకు తర్ఫీదు అంటాడు. ఆ మాత్రలో ఉన్నది వంట సోడా, మా పక్క ఆప్ప సోడా అంటారు, దోసె పిండిలో వేసేదే. తక్కినవాళ్లలో 29 మంది ఏ వైద్యమూ లేకుండా వేచి ఉన్నవాళ్లు. మిగిలిన 22 మందితో పరీక్ష జరిపేవాళ్లు పలకరింపు కూడా పెట్టుకోలేదు, కాలం ఒక్కటే ఏమి చేస్తుందో చూడడానికి.

ఇందులో రెండు జాగ్రత్తలు మాకు చాలా నచ్చినాయి. మొదటిది, వైద్యం చేసిన 5 మంది డాక్టర్లూ అనుభవజ్ఞులు, పాత పద్ధతిలో పండినవాళ్లు. మెట్ల వైద్యం వాళ్లకు కొత్త, దీనికోసం నేర్చుకున్నారు. ప్రతి డాక్టరూ మూడు రకాల వైద్యమూ చేసినాడు. కాబట్టి ఒక డాక్టరు మంచి మాటకారి అయితే ఆ లాభం మూడు గుంపులకూ సమానమే. రెండోది, భయం కొలవడానికి ఒక్క దారి నమ్మలేదు. విద్యార్థి నిజంగా జనం ముందు 4 నిమిషాలు మాట్లాడాలి. శిక్షణ పొందిన పరిశీలకులు 30 సెకన్లకు ఒకసారి చొప్పున 20 గుర్తులు చూసి రాసుకుంటారు: చేతులు వణికినాయా, గొంతు వణికిందా, కాళ్లు కదిపినాడా, మాట తడబడిందా. నాడి చూసినారు, అరచేతి చెమట కూడా కొలిచినారు. వైద్యం అంతా కలిపి 6 వారాల్లో 5 గంటలు, అంతే.

ఫలితం ఇది. మెట్ల వైద్యం పొందినవాళ్లలో 100 శాతం మందికి మెరుగైంది. పాత పద్ధతి వాళ్లలో 47 శాతం. వంట సోడా వాళ్లలో కూడా సరిగ్గా 47 శాతం. ఏ వైద్యమూ లేక వేచి ఉన్నవాళ్లలో 17 శాతం. 2 ఏళ్ల తర్వాత పాల్ మళ్లీ వెతికి విచారించినాడు. మెట్ల వైద్యం వాళ్లలో 85 శాతం, పాత పద్ధతీ వంట సోడా రెండింటిలోనూ 50 శాతం, వైద్యం లేనివాళ్లలో 22 శాతం.

ఈ అంకెలను మేము చాలాసార్లు చదివినాము. 17కూ 47కూ మధ్య ఉన్న తేడా ఆదరణ వల్ల వచ్చింది. ఒక మనిషి దగ్గర కూర్చుని శ్రద్ధగా వింటే, మాత్రలో ఏమీ లేకపోయినా, దాదాపు సగం మందికి మేలు జరిగింది. ప్రేమను తక్కువ చేయకూడదు. అయితే 47కూ 100కూ మధ్య ఇంకొక తేడా ఉంది. అది ప్రేమతో రాలేదు, పద్ధతితో వచ్చింది. ఈ రెండు తేడాలనూ విడదీసి చూపించినందుకే పాల్ పరీక్ష గొప్పది. వంట సోడా గుంపు లేకపోతే మెట్ల వైద్యం గెలిచిందని తెలిసేది గాని, ఎందుకు గెలిచిందో తెలిసేది కాదు.

ఇది 15 మంది చొప్పున జరిగిన చిన్న పరీక్ష, అందరూ చదువుకునే పిల్లలు, ఒకే రకం భయం. దాన్ని పట్టుకుని ప్రపంచంలోని బెదురంతా 5 గంటల్లో పోతుందని చెప్పకూడదు. తర్వాతి పరిశోధకులు వోల్పే పద్ధతినే ముక్కలు ముక్కలుగా విడదీసి పరీక్షించినారు. కండరాల సడలింపు లేకపోయినా చాలామందికి గుణం వస్తుందని, మనసులో చూడటం కన్నా భయపడే వస్తువును నిజంగా ఎదుర్కోవడం ఇంకా బలమైనదని తేలింది. లండన్‌లో ఐజాక్ మార్క్స్, ఆయన కూడా దక్షిణాఫ్రికాలో పుట్టినవాడే, ఈ దారిలో చాలా పని చేసినాడు. ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్, భయపడే మనిషి తనకు తాను చెప్పుకునే మాటలను పరీక్షించే పద్ధతి తెచ్చినాడు. ఈనాడు డాక్టర్లు వాడే వైద్యంలో ఈ పాయలన్నీ కలిసి ఉన్నాయి. వోల్పే చెప్పిన కారణంలో సగం చెల్లలేదు గాని, ఆయన కట్టిన మెట్లు మిగిలినాయి. పరీక్షకు నిలబడినదే మిగులుతుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మేము బడిలో చదివింది అంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక గూడూరు, రేణిగుంట స్టేషన్ బోర్డులు చూసి ఒక్కొక్కటే పట్టుకున్నాము. మన సంఘంలో మా వయసువాళ్లు చాలామంది ఇట్లాంటివాళ్లే. తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుని పాడేవాళ్లు ఉన్నారు. తప్పేమీ లేదు. కాని ఉగాది సభలో మైకు ఇచ్చి ‘రెండు మాటలు తెలుగులో చెప్పు’ అంటే, ఇంట్లో అవ్వతో గలగలా మాట్లాడే పిల్ల కూడా తల వంచుకుంటుంది. ఎందుకు? ఎప్పుడో ఎవరో చుట్టం ‘ఇదేమి తెలుగు, అరవ తెలుగు’ అని నవ్వి ఉంటాడు. ఆ నవ్వు ఒక్కసారి చాలు. ఆ పిల్ల ఆ తర్వాత తమిళంలో జవాబు చెబుతుంది, లేకపోతే ఇంగ్లీషులో. పెళ్లయి పిల్లలు పుడితే వాళ్లతో కూడా అంతే.

భాష మీద ప్రేమ లేక మన పిల్లలు తెలుగు వదులుతున్నారని సభల్లో అంటూ ఉంటారు. మాకు అట్లా అనిపించదు. చాలామందిలో ప్రేమ ఉంది, దాని మీద భయం కూర్చుని ఉంది. ప్రేమ లేదని తిడితే భయం ఇంకొక మెట్టు పైకి పోతుంది. 400, 500 ఏళ్లు వేరే భాషల నడుమ నిలబెట్టుకున్న మాట, ఈ తరంలో సిగ్గు వల్లా బెదురు వల్లా పోతే అంతకన్నా అన్యాయం లేదు.

కాబట్టి మా మనవి ఇది. వచ్చే ఉగాదికి 6 వారాల ముందు నుంచి, ఇష్టపడే పిల్లలకు మెట్లు కడదాం. ఏ మెట్టు ఎక్కడ ఉండాలో పిల్లనే అడగాలి. ఒక పిల్లకు ఫోన్‌లో పెదనాయనతో తెలుగు మాట్లాడటం సులువు, ఎదురుగా కష్టం. ఇంకొక పిల్లకు తిరగబడి ఉంటుంది. మాటవరసకు ఒక నిచ్చెన: ఒంటరిగా గదిలో 3 వాక్యాలు గట్టిగా చెప్పుకోవడం, అవ్వ ముందు చెప్పడం, ఇంట్లో నలుగురి ముందు, ఇద్దరు స్నేహితుల ముందు, ఖాళీ హాలులో మైకు పట్టుకుని, సంఘంలో 10 మంది ముందు, చివరికి ఉగాది రోజు వేదిక మీద. ఒక మెట్టు మీద దడ లేకుండా నిలబడితేనే పై మెట్టు. దడ వస్తే ఒక మెట్టు దిగడం ఓటమి కాదు, పీటర్‌కు జోన్స్ కూడా అదే చేసినారు. నడుమ వాక్యం ఆపి తప్పులు దిద్దకూడదు. నవ్వకూడదు. ఈ నియమం పిల్లలకన్నా పెద్దలకే కష్టం.

ఇంకొక మాట. మేము చెప్పినామని నమ్మవద్దు, పరీక్ష చేద్దాం. సగం మందికి ఈ మెట్లు, సగం మందికి అంతే సమయం ఆదరంగా మాట్లాడి ప్రోత్సహించడం మాత్రమే. చీట్లు వేసి గుంపులు విడదీద్దాం. పెద్దవాళ్ల ఒప్పుదల, పిల్లల ఇష్టం రెండూ కావాలి. చివరి రోజు ఎవరు ఏ గుంపో తెలియని ఇద్దరు కూర్చుని, గొంతు, చేతులు, తడబాటు చూసి రాసుకోవాలి. రెండో గుంపుకు కూడా ఆ తర్వాత మెట్లు కట్టిద్దాం, ఎవరినీ వదలకూడదు. పుస్తకం రాయడానికి ఇంకొక గుమాస్తా కావలసి ఉంటే మేము ఉన్నాము.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇది సభలో మాట్లాడే సిగ్గుకు, మామూలు బెదురుకు చెప్పినది. నిద్ర పట్టకపోవడం, ఇల్లు దాటలేకపోవడం, ఊపిరి ఆడనంత దడ మాటిమాటికీ రావడం, బతకడం ఎందుకు అనిపించడం, ఇవి ఉంటే సంఘం చిట్కాలు చాలవు. డాక్టరు దగ్గరికి పోవాలి. గుండె దడకు ఒంట్లో వేరే కారణం ఉందేమో ముందు చూపించుకోవాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఉచిత సేవ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం మీ ఇష్టం. దానికోసం డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయవద్దు.

తమిళంలో ఒక సామెత ఉంది: అడి మేల్ అడి వైత్తాల్ అమ్మియుమ్ నగరుమ్. దెబ్బ మీద దెబ్బ పడితే అమ్మి రాయి కూడా కదులుతుందని పెద్దలు చెప్పే అర్థం. తమిళంలో ‘అడి’ అంటే దెబ్బ, ‘అడి’ అంటే అడుగు కూడా. మన పిల్లల విషయంలో రెండో అర్థమే తీసుకుందాం. వచ్చే నెల సంఘం కూటంలో ఈ 6 వారాల సంగతి చర్చకు పెడతాము, ఇష్టం ఉన్నవాళ్లు పిల్లలతో కలిసి రండి.